ఒన్ మోర్ అన్నడు

కండ్లల్ల చుక్కలేసి, "మూస్కొని కూసో పెద్దాయనా, తెరవొద్దు, మళ్ల వచ్చి చూస్త" అని నర్సమ్మ పోయింది. పోతపోత తలుపు కాడ ఆగి ఇంకో మాటన్నది. "నీ ఎంబడి వచ్చినాయన ఏడి? లోపలికి పిలిచేటప్పటికి ఈడ ఉండాలె. పోయినసారి లెక్క ఒక్కడివే వచ్చినవంటె డాక్టరమ్మ ఊకోదు." బయటికి పోయిండమ్మా, చాయ్ తాగొస్త అన్నడు, అన్నడు బుగ్గయ్య. ఎవరు పోయిండ్రు, ఏ చాయ్, ఏ హోటల్. పొద్దుగాల అశోక్‌నగర్ల గదికి తాళమేసి ఒక్కడే ఆటో ఎక్కిండు, నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక్కడే దిగిండు, నోట్లెకెల్లి అబద్ధం మాత్రం జోడుగ వచ్చింది. రెండు కండ్ల ఎనుక పొరల నీరు చేరింది, ముందుగాల కుడికంట్ల సూది ఎయ్యాలె అన్నరు. పోయిన నెల వస్తే తోడు లేరని తిప్పి పంపిండ్రు. కంట్ల సూది ఏసినంక మనిషిని ఒక్కన్ని రోడ్డు మీదికి ఒదలరంట, ఎవరన్న సంతకం పెట్టి చెయ్యి పట్టుకొని తీస్కపోవాలెనంట. ఇయ్యాల గూడ గాకుంటె నడిమిట్ల చూపు పోతది, పోయింది మళ్ల రాదు అని డాక్టరమ్మ మొఖం మీదనే చెప్పింది. ఆమె మొఖం మాత్రం బుగ్గయ్యకు కనబడలే.

కండ్లు మూస్తె చీకటి గావాలె గద. కాదు. ట్యూబులైటు రెప్పల మీద పడి లోపలంత ఎర్రగున్నది. మూసినా చూపు ఊకోదు, ఏదన్న దొరుకుతదేమో అని దేవులాడుతనే ఉంటది. ఇంత పెద్ద పట్నంల బుగ్గయ్యకు వేరే రోగమే దొరకనట్టు, వచ్చి వచ్చి కంటి నడుమకే వచ్చింది. షుగరున్నది, మోకాళ్ల నొప్పులున్నయి, అవ్విటితోని సరిపెట్టుకోరాదు? లేదు. ఎదురుంగ మనిషి నిలబడితే చెవులు కనబడ్తయి, భుజాలు కనబడ్తయి, అంగి గుండీలు కనబడ్తయి, మొఖమున్న కాడ మాత్రం ఎవరో తడి వేలుతోని రుద్దినట్టు మరక. బతుకంత బుగ్గయ్య చేసిన పనేమో మొఖాలు తేటగ కనబడేటట్టు చేసుడు. సినిమాల కెమెరామన్ వేరు, ఆయన పక్కన నిలబడి లెన్సు చుట్టున్న రింగు తిప్పేటోడు వేరు. ఆ రెండోవాన్ని ఫోకస్ పుల్లర్ అంటరు. షాటుకు ముంగట టేపు గుంజి కెమెరా కాడికెల్లి యాక్టరు కంటిదాక కొలవాలె, ఆగే కాడ నేలకు తెల్ల టేపుముక్క అతికియ్యాలె, మనిషి నడిచొస్తుంటె అడుగడుక్కు రింగు తిప్పుకుంట రావాలె. ఎంత పెద్ద హీరో అయినా ఆయన కంటికాడికి ఇనుప టేపు పట్టుకపోయే హక్కు యూనిట్ల ఒక్కనికే ఉండె. హీరోయిన్లు మొదట్ల కన్ను పొడుస్తడేమో అని ఎనుకకు జరిగేటోళ్లు. బుగ్గయ్య చెయ్యి వణకదని తెలిసినంక రెప్ప గూడ కొట్టకపోయేటోళ్లు. ఇందాక చుక్కలేస్తుంటె ఆ బుగ్గయ్య రెప్పలే టపటప కొట్టుకున్నయి, చిన్నపిల్లగాని లెక్క చేస్తవేంది తాతా అని నర్సమ్మ గదుమ పట్టుకున్నది. ఎన్నేండ్లాయె ఒక మనిషి చెయ్యి గదుమకు తగిలి. మందు మంట కంటె అదే ఎక్కువ మండింది.

పక్క కుర్చీల ముసలమ్మ పేరు కురుమమ్మ. ఆమె చెప్పలే. ఆమె కూతురు అనిత మందుల కౌంటరు కాడికి పోతపోత, "కురుమమ్మా, కదిలినవంటె చూడు" అని తల్లిని పేరు పెట్టి బెదిరిచ్చి పోయింది. కురుమమ్మకు రెండు కండ్లు మూయించిండ్రు గాని నోరు మూయించేటోళ్లు లేరు. నీ ఎంబడి ఎవరొచ్చిండ్రు నాయినా అన్నది. వస్తున్నరు. కొడుకా? కాదు. బిడ్డనా? కాదమ్మా. మరింకెవరు? బుగ్గయ్య దగ్గిండు, దగ్గు రాకున్నా. ఏ ఊరు మీది అన్నది. ఈడనే, అశోక్‌నగర్. ఈడ ఊరెవరికుంటది నాయినా, అసలు ఊరడిగిన. పాలమూరు దిక్కమ్మా. అనంగనే ఆమె గొంతు మారింది, మాది గూడ, కవాడిగూడ బస్తీల ఉంటం, మా ఆయన సెంట్రింగు పని చేసి చేసి పోయిండు, అన్నది. కవాడిగూడ అనే మాట ఆమె నోట్లె ఇంక ఉండంగనే బుగ్గయ్య ఆడికి పోయి నిలబడ్డడు, రేకుల గుడిసె, గుడిసె ముంగట సిమెంటు ఎండిన బకెట్టు, బకెట్టు పక్కన అమ్మ.

అమ్మ ఇటుకలు మోసేది. అశోక్‌నగర్ల లేచిన మేడలు సగం అమ్మ నెత్తి మీదికెల్లే పైకెక్కినయి. ఇప్పుడు బుగ్గయ్య కిరాయికుండే గది గూడ అసొంటి ఒక పాత బిల్డింగు మీదనే, నీళ్ల ట్యాంకు పక్కన. ఆ గోడలకు అమ్మ ఇటుకలు మోసిందో లేదో తెల్వదు. మోసిందనే అనుకుంటడు, అనుకుంటె నిద్ర పడ్తది. ఎండకాలం పనికి పోతపోత కొడుకును చిక్కడపల్లి లైబ్రరీల ఒదిలి పోయేది. చదువుకోమని కాదు, ఆడ ఫ్యాను తిరుగుతదని. ఊకె కూసుంటె వాచుమన్ లేపుతడని బుగ్గయ్య ఏదో ఒక పుస్తకం ముంగటేసుకునేటోడు, ముంగటేసుకున్నందుకు చదివేటోడు, అట్ల చదువంగ చదువంగ ఒకనాడు లోపలికెల్లి మాటలు వాటంతట అవే వరుస గట్టినయి. మా అమ్మ మోసిన ఇటుకలన్ని ఎవరెవరి ఇండ్లల్లనో నిలబడి ఉన్నయి, కూసుండేటందుకు ఆమెకు ఒక్క గడప దొరకలే. అదే మొదటి కవిత. అమ్మకు చదివి వినిపిస్తె, "నేను కూసుంటనంటె పని ఎవరు చేస్తరు" అన్నది. అంతకంటె మంచి విమర్శ ఆ తర్వాత ఏ పత్రికోడూ రాయలే. ఎర్రదనంల అమ్మ కదులుతున్నది, కట్టెల పొయ్యి ఊదుతున్నది, మొఖం ఇటు తిప్పుతలేదు. తిప్పే అమ్మా, ఇప్పుడన్న కనబడ్తదేమో, ఈ కంటికి గాకుంటె ఆ కంటికన్న. తిప్పలే.

ఎవరిని పిలువాలె. అదీ అసలు ముచ్చట, దాని చుట్టే తిరుగుతున్నడు, దాంట్లెకు దిగుతలేడు. గది కింద హాస్టల్ పోరగాండ్లున్నరు, కొలువుల పరీక్షలకు చదివేటోళ్లు, అంకుల్ అంకుల్ అంటరు, వాండ్ల పేర్లు ఈయనకు తెల్వదు, ఈయన పేరు వాండ్లకు తెల్వదు. పైగ ఇయ్యాల పరీక్షంట, పొద్దున గల్లీ మొత్తం ఖాళీ, టిఫిన్ బండాయన గూడ చేతులు కట్టుకొని నిలబడ్డడు. చెల్లె ఊర్లున్నది, బస్సెక్కి వచ్చేటాల్లకు దవాఖాన తలుపులేస్తరు. పెండ్లి చేసుకోలే. అవుట్‌డోర్ షూటింగులు తిరిగేటోనికి పిల్లనెవరిస్తరు అని అందరికి చెప్పుకున్నడు గాని, ఇస్తమన్నోళ్లు ఉండిరి. ఈయనే రేపు, ఎల్లుండి, ఈ సినిమా అయినంక అనుకుంట జరిపిండు. సినిమాలు అయిపోయినయి. జేబుల గుండీల ఫోను ఉన్నది, అందుల పేర్లున్నయి, ఆ పేర్లు ఇప్పుడు చదివేటట్టు లేవు. నోటికొచ్చిన నంబర్లు ఏమన్న ఉన్నయా అని ఎతికిండు. ఉన్నయి, మస్తుగున్నయి. ప్రొడక్షన్ ఆఫీసుది, ల్యాబుది, కెమెరా కిరాయికిచ్చే దుకాణందీ, అన్ని తీగ ఫోన్ల నంబర్లు, ఒక్కటీ మోగేది లేదు. మోగేది ఒక్కటే ఉన్నది. దాన్ని తలువొద్దని ఇరవై ఏండ్ల సంది అనుకుంటున్నడు. తలువొద్దు అనుకున్నది ఎవరన్న మరుస్తరా.

సెల్లులు కొత్తగ వచ్చినప్పుడు విఠల్, బుగ్గయ్య ఇద్దరు కలిసి ఈ నారాయణగూడలనే ఒక దుకాణంల సిమ్ములు తీస్కున్నరు, ఒకదాని పక్కనొకటి. బుగ్గయ్య తన నంబర్ల ఆఖరి అంకె ఒకటి తగ్గిస్తె విఠల్‌ది. ఎవరన్న నీ నంబరెంతన్నా అని అడిగినప్పుడల్ల, చెప్పుకుంట చెప్పుకుంట ఆఖరి అంకె కాడికొచ్చి బుగ్గయ్య నాలిక జర ఆగుతది.

విఠల్ కెమెరామన్. చిక్కడపల్లి మార్కెట్ ఎనుక సందుల తాత కట్టిన ఇల్లు, నాయినది సర్కారు కొలువు. కొడుకు కెమెరా పడ్తనంటె ఇంట్ల పొయ్యి ఎలగలేదంట. లైట్లు మోసే బుగ్గయ్యను చూసి, నీ కన్ను బాగున్నదిరా, నా పక్కకు రా అన్నది ఆయనే. పక్కకు పోయినోడు మళ్ల పక్కకెల్లి కదల్లేదు, సినిమా ఎనుక సినిమా, ఎండల, వానల, అడవులల్ల. విఠలన్నా అని ఈయన, బుగ్గా అని ఆయన. సెట్ల రాసుకునేటందుకు కాయితమేడుంటది, నేలకు అతికిచ్చే తెల్ల టేపే చింపి దాని మీద రాసేటోడు, రాసి అయిపోయిన రీలు డబ్బా మూతకు అతికిచ్చేటోడు, సీను నంబరు ఉన్న టేపు పక్కన. మనిషికీ మనిషికీ నడుమ టేపు పట్టి చూసిన, అంకె దొరికింది, మనిషి దొరకలే. అట్లాంటివి. సాయంత్రం డబ్బాలు ల్యాబుకు పోయే ముంగట విఠల్ ఒక్కొక్కటి చదివేటోడు. అద్దాలు నెత్తి మీదికి జరిపి, పెదవులు కదిలిచ్చుకుంట. "దీన్ని పోనియ్యకురా, పీకి జేబుల పెట్టుకో" అనేటోడు. బుగ్గయ్య నవ్వి ఊకునేటోడు. డబ్బాలు పోయేటివి, ల్యాబోళ్లు టేపులు పీకి చెత్తల ఏసేటోళ్లు. అప్పుడు దుఃఖం లేకుండె. చదివేటోడు పక్కన ఉండె గద, రేపు ఇంకోటి రాస్తె రేపు చదువుతడు. కవికి ఇంతకంటె ఏం గావాలె. అట్లనే బతుకు ఎల్లిపోతదనుకున్నడు పిచ్చోడు.

ఏడనో ఒక టోకెను నంబరు పిలిచిండ్రు. బుగ్గయ్య చెవి అటు పెట్టిండు. తనది కాదు. చెప్పుల సప్పుడు, వీల్‌చైరు కిర్రుమనే సప్పుడు, ఎవరిదో సెల్లుల భక్తి పాట. ఒక్కసారి కండ్లు తెరిచి చూసిండు, అంత తెలుపు, పాలల్ల ముంచి తీసినట్టు, నడుమ తన మరక తనకున్నది. మళ్ల మూసిండు. మూస్తె దోమలగూడ సందు వచ్చింది. రావొద్దన్నా వస్తది, మూసిన కండ్ల ముంగట అడ్డమెవరుంటరు.

రీళ్ల కాలంల ఒక పద్ధతుండె. షాటు మంచిగొచ్చిందా లేదా అనేది రీలు కడిగి తెర మీద చూసేదాక ఎవరికి తెల్వదు. పక్కన చిన్న టీవీ పెట్టినా అందుల ఫోకసు సంగతి తేలేది కాదు. ఆ సంగతి ఆ క్షణాన తెలిసేది రింగు తిప్పిన చేతికే. అందుకే డైరెక్టరు కట్ అనంగనే కెమెరామన్ ముందు చూసేది పుల్లరు దిక్కు. పుల్లరు తల ఊపితె షాటు అయినట్టు. తప్పిపోతే వాడే, ఎవరూ అడగకముందే, ఒన్ మోర్ అనాలె. తన తప్పు తానే నోరు తెరిచి చెప్పుకునుడన్నట్టు. అట్ల చెప్పినోన్ని ఎవరూ తిట్టకపోయేటోళ్లు, చెప్పనోన్ని మాత్రం మళ్ల పిలువకపోయేటోళ్లు. ఆ సాయంత్రం దోమలగూడల షూటింగు, తల్లి వేషమేసే పెద్దామె సందు చివరికెల్లి కెమెరా మీదికి నడిచి రావాలె. పొడుగు లెన్సు, పొద్దు గూకుతున్నది, లెన్సు నోరంత తెరిచి పెట్టిండ్రు, నాలుగు వేళ్ల మందంల తప్ప ముందూ ఎనుకా అంత మసకనే. బుగ్గయ్య కొలిచిండు, టేపు అతికిచ్చిండు. ఆమె నడిచొచ్చింది. నిజంగనే ఏడుపొచ్చిందామెకు, అతికిచ్చిన కాడిదాక రాకుండ అడుగు ముందే ఆగిపోయింది. రింగు టేపుముక్క కాడికి పోయింది, ఆమె ఆడ లేదు, ఎనుకకు తిప్పేలోపల డైరెక్టరు కట్ అన్నడు. "ఒన్ మోర్ అన్నా" అన్నడు బుగ్గయ్య. గట్టిగనే అన్నడు, ఆమె ఏడుపుకు యూనిటంత సప్పట్లు కొడుతుంటె పక్కనున్న విఠల్‌కు తప్ప ఎవరికి వినబడలే. విఠల్ కెమెరాకెల్లి మొఖం తీసి ఈయన దిక్కు చూసిండు. అటు ప్రొడ్యూసరు గడియారం చూసుకుంటున్నడు, పొద్దు గోడ మీదికెల్లి జారుతున్నది, ఆమెకు ఇంకో షూటింగు కారు వచ్చి నిలబడ్డది. విఠల్ అటు తిరిగి, "ఓకే సార్" అన్నడు. ప్యాకప్.

రీలు కడిగొచ్చినంక ప్రివ్యూ థియేటర్ల చూసిండ్రు. తెర మీద ఆమె వచ్చింది, ఆగింది, ఏడ్చింది, మొఖం మొత్తం మసక, ముందున్న కరెంటు స్తంభం తీగలు మాత్రం ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఇదేందయ్యా విఠలూ అన్నడు ప్రొడ్యూసరు. అప్పుడు విఠల్ అన్నడు, "మా బుగ్గయ్య కవి గద సార్. ధ్యాస ఏడనో ఉండి ఉంటది." అందరు నవ్విండ్రు. ప్రొడ్యూసరు గూడ నవ్విండు. ఆ నవ్వుతోని విఠల్ బయటపడ్డడు, షాటు సినిమాల ఉండిపోయింది. తిట్టి ఉంటె బాగుండు, తిట్టుకు జవాబుంటది. నవ్వుకేముంటది. అదీగాక ఆయన ఎత్తి చూపింది పనిని కాదు, డబ్బా మూతల మీద పెదవులు కదిలిచ్చుకుంట చదివిండే, దాన్ని. అదే తెచ్చి అందరి ముంగట తప్పు కింద పెట్టిండు. ఆ దినంకెల్లి యూనిట్లల్ల బుగ్గన్న పోయి కవిగారు వచ్చిండు. కవిగారూ, ఫోకసు జర. కవిగారూ, ఈ లోకంల ఉన్నరా. మేనేజర్లు, ఆ కవి ఒద్దులే ఇంకొకన్ని పిలువు, అనుడు మొదలుపెట్టిండ్రు. విఠల్ తర్వాతి సినిమాకు కొత్త పిల్లగాన్ని పెట్టుకున్నడు. ఫోన్ చెయ్యలే. బుగ్గయ్య గూడ చెయ్యలే. ఒన్ మోర్ అన్న సంగతి ఇద్దరికే ఎరుక, అందుల ఒకరు కాదంటున్నరు, ఇగ మిగిలిందెవరు.

అన్ననా లేదా అని బుగ్గయ్యకే అనుమానమొచ్చిన దినాలున్నయి. ఒంటిగ ఉండేటోనికి తన మాటకు సాక్షి ఎవరుంటరు. గదిల గట్టిగ అని చూసుకునేటోడు, ఒన్ మోర్, ఒన్ మోర్, గోడకు కొట్టుకొని మళ్ల వచ్చేది. తర్వాత కెమెరాలే మారినయి, రీళ్లు పోయినయి, పుల్లరు ముంగట ఒక తెర వచ్చింది, తప్పు అందరికి కనబడుతున్నది, చెప్పే పని లేదు. పెండ్లిళ్ల వీడియోలు తీసేటోళ్ల కాడ కొన్నేండ్లు నడిచింది. కవిత్వం మాత్రం ఎందుకో పోలే. కాయితాల మీద రాసిండు, లైబ్రరీల పరిచయమైన నలుగురు కలిసి పుస్తకమేసిండ్రు, గానసభ కింది చిన్న హాలుల ఆవిష్కరణ. శాలువ గప్పిండ్రు. స్టేజి మీదికెల్లి చూస్తె ఆఖరి వరుసల, తలుపు పక్కన, విఠల్. ఈయన పిలువలే, పేపర్ల చూసొచ్చిండేమో. అప్పటికి కండ్లు మంచిగనే ఉండె. ముంగట కూసున్నోళ్లంత మసకయి, ఆ ఒక్క మొఖమే తేటగ కనబడ్డది. బుగ్గయ్య చదువుతున్నంత సేపు ఆయన పెదవులు కదిలినయి. చదివింది అయిపోయేలోపల కుర్చీ ఖాళీ. ఉరికి పోయి రోడ్డు మీద పట్టుకుంటె ఏమైతుండె. శాలువ జారుతున్నది, ఫోటోకు నిలబడమంటున్నరు. నిలబడ్డడు.

"తాతా, ఇంకోసారి." నర్సమ్మ వచ్చింది, పేరు నవత అని ఎవరో పిలుస్తె తెలిసింది. రెప్ప ఎత్తి చుక్కలేసింది. మంట. "చాయ్‌కి పోయినాయన రాలేదా ఇంక? ఆ చాయ్ ఏడ కాస్తున్నరు తాతా?" అన్నది, నవ్వుకుంటనే అన్నది గాని ఎరికే ఆమెకు. "చూడు, నీ తర్వాతోళ్లు మస్తు మందున్నరు. నీ నంబరొచ్చేటాల్లకు మనిషి లేకుంటె నేనేం చెయ్యలేను. నాకు నౌకరి గావాలె." పోయింది. కురుమమ్మ విన్నది, వినంది ఏమున్నది ఆమెకు. "నాయినా, ఎవరు లేరా నీకు?" అన్నది మెల్లగ. ఆ మెల్లదనానికి బుగ్గయ్య తట్టుకోలేకపోయిండు. ఉన్నరమ్మా అన్నడు. ఉంటె పిలువు, సిగ్గు పడ్డోనికి కండ్లిస్తరా ఈడ, అన్నది.

జేబులకెల్లి ఫోను తీసిండు. గుండీల నడుమ అయిదు మీద చిన్న బొడిపె ఉంటది, దాని మీద బొటనవేలు పెట్టిండు. ఆడికెల్లి పైకి, పక్కకు, కిందికి. తన నంబరే కొట్టుకుంట పోయిండు, ఆఖరి అంకె కాడ ఆగిండు. చూపు పోతె పోతది, ఏమైతది, లోకంల గుడ్డోళ్లు బతుకుతలేరా. అమ్మ మొఖం ఎట్లా కనబడ్తలేదు. అయినా విఠలన్నకు చేసి ఏమని అడగాలె, నా కండ్లకు సంతకం పెట్టమనా. నాకేం పౌరుషం లేదా. ఉన్నది. ఉండి, దాన్ని పట్టుకొనే కదా ఇంతకాలం ఆ గదిల కూసున్నది, అది అన్నం వండిందా, చాయ్ పెట్టిందా, ఇయ్యాల చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోతదా. ఒకటి తగ్గించి ఒత్తిండు. మోగింది. మోగుతుంటె, ఎత్తకు అన్నా, ఎత్తకు, అనుకున్నడు.

"బుగ్గా?"

హలో లేదు, ఎవరు లేదు. అంటె ఫోన్ల ఈ పేరు ఇంక ఉన్నట్టే. "విఠలన్నా, నారాయణగూడల కంటి దవాఖానల ఉన్న. సూది ఏస్తరంట. ఎవరన్న ఒకరుండాలెనంట."

"ఫ్లైఓవర్ పక్కదా?"

"ఆ."

"కూసో. వస్తున్న."

అంతే. ఇగ కూసునుడు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి చెప్పుల సప్పుడు ఆయనదే అనిపిస్తున్నది, ప్రతిది దాటి పోతున్నది. చిక్కడపల్లికెల్లి ఈడికి ఎంత దూరం, ఆటో దొరికితె దమ్ము తీసేంత. దొరకలేదేమో. సందు మలుపుదాక వచ్చి ఎనుకకు మళ్లిండేమో, గానసభల లేచిపోయినట్టు. పోతె పోనియ్యి. రాకున్నా మంచిదే, రాకుంటె ఎప్పటి లెక్కనే కోపం పెట్టుకోవచ్చు, వస్తె ఏం పెట్టుకోవాలె. ఇట్ల అనుకుంటున్నప్పుడే కర్ర సప్పుడు వినబడ్డది. కర్ర, తర్వాత అడుగు, తర్వాత ఈడ్చిన ఇంకో అడుగు. విఠల్‌కు కర్ర ఎప్పుడొచ్చింది. కండ్లు తెరిచిండు. తెలుపుల ఒక ఆకారం, నలిగిన అంగి, గుండీలు ఎచ్చుతగ్గు పెట్టుకున్నయి, కాళ్లకు రెండు రకాల చెప్పులు. మొఖమున్న కాడ మరక. ఎంత ఎతికినా మరకనే.

"ఈయనెంబడి మీరా సార్?" నవత కాయితం పెట్టిన అట్ట పట్టుకొని వచ్చింది. "ఏమైతరు?"

"కెమెరామన్ని."

"అది కాదు సార్. సుట్టమా, దోస్తా? ఈడ రాయాలె."

విఠల్ పెన్ను తీస్కున్నడు. "అన్న అని రాయి" అన్నడు. సంతకం పెట్టిండు, పెన్ను గీకుతున్న సప్పుడు వినబడ్డది. పెట్టి, "జర మంచిగ చూడండమ్మా. నేను తీసిన సినిమాలన్ని ఈయన కండ్ల మీదనే తీసిన" అన్నడు.

మామూలుగనే అన్నడు, ధర చెప్పినట్టు. బుగ్గయ్యకు మాత్రం ఏడనో తెగింది. సప్పుడు లేకుండ కన్నీళ్లు కారిపోతున్నయి, ఆపుదామంటె ఆగుతలేవు. నవత చూసి నెత్తి కొట్టుకున్నది. అయ్యో తాతా, మందంత కొట్టుకపాయె, మళ్ల మొదటికెల్లి ఎయ్యాలె అని పత్తితోని తుడిచి చుక్కలేసింది. "ఇంకో అరగంట. ఈసారి ఏడిస్తె నేనే ఏడుస్త" అని ఇంకొకరిని లోపలికి తోల్కపోయింది. బుగ్గయ్య కండ్లు మూసిండు. అవతలి పక్క కుర్చీ కిర్రుమన్నది, అమృతాంజనం వాసనొచ్చింది, ఆయన దమ్ము తీసుకునుడు వినబడుతున్నది. ఈయన కండ్లు గట్టిగ మూసి ఉన్నయని చూసుకున్నడేమో, అప్పుడు విఠల్ నోరు తెరిచిండు.

"బుగ్గా. ఆ దినం దోమలగూడల నువ్వు ఒన్ మోర్ అన్నవ్."

కండ్లు తెరవకుంటనే బుగ్గయ్య ఆ మాట దిక్కు తిరిగిండు.

"నేను విన్న. వినే ఓకే అన్న."

ఈ మాట కోసమే కదా ఇన్నేండ్లు. వచ్చింది, పక్క కుర్చీల కూసున్నది, తీరా వస్తే సంతోషం లేదు, కోపం లేదు. "నాకు చెప్పుడేందన్నా" అన్నడు. "నాకు తెల్వదా. నాకు తప్ప అందరికి చెప్పాల్సిన మాట అది."

"అందరు ఏడున్నరు బుగ్గా."

నిజమే. ప్రొడ్యూసరు పోయిండు. డైరెక్టరు పోయిండు. తల్లి వేషమేసినామె ఎప్పుడో పోయింది. నవ్వినోళ్లల్ల ఒక్కని అడ్రసు గూడ తెల్వదు. ప్రివ్యూ థియేటరును పడగొట్టి బట్టల దుకాణం కట్టిండ్రు. మిగిలింది ఇద్దరు, ఒకరికి మొఖాలు కనబడవు, ఒకరికి కాలు సాగదు.

కర్ర నేలకు ఆనిచ్చిన సప్పుడు, కుర్చీ ఎనుకకు జరిగిన సప్పుడు. విఠల్ లేచి నిలబడ్డడు. గొంతు సవరిచ్చుకున్నడు, సెట్ల సైలెన్స్ అనే ముంగట సవరిచ్చుకున్నట్టే. "ఇగో, జర అందరు వినుండ్రి" అన్నడు. గోడపొంటి కుర్చీలల్ల కండ్లు మూస్కొని కూసున్నోళ్లంత మొఖాలు ఇటు తిప్పిండ్రు. "ఈయన పేరు బుగ్గయ్య. కెమెరా కాడ ఫోకసు చూసేటోడు. నేను కెమెరామన్ని. ఇరవై ఏండ్ల కింద ఒక షాటు చెడింది. మంచిగ రాలే, ఇంకోసారి తీద్దామన్నా అని ఈయన గట్టిగ చెప్పిండు. నేను విననట్టు చేసిన. చెడిపోయినంక, ఈయన కవి, ధ్యాస ఉండదు అని తప్పు ఈయన మీదికి తోసి నలుగురిని నవ్విచ్చిన. ధ్యాస ఈయనకుండె. లేంది నాకు."

"సప్పుడు చెయ్యొద్దు పెద్దాయనా" అని గేటు కాడి సెక్యూరిటీ అన్నడు. బుగ్గయ్య చెయ్యి చాపి దేవులాడి ఆయన అంగి అంచు దొరికిచ్చుకున్నడు, గుంజిండు. "కూసో అన్నా. నవ్వుతరు."

"నవ్వనియ్యి. ఆ దినం నిన్ను చూసి నవ్విండ్రు గద."

ఎవరూ నవ్వలే. ఎవరికి ఏం అర్థమైందో తెల్వదు. ఒకాయన ఆవులిచ్చిండు, ఏడనో టోకెను పిలిచిండ్రు. కురుమమ్మ ఒక్కతే మూసిన కండ్లతోనే ఇద్దరి దిక్కు తిరిగి, బాగ ఆలోచన చేసి అడిగింది.

"ఇంతకు ఆ సినిమా ఆడిందా నాయినా?"

"ఆడలేదమ్మా" అన్నరు ఇద్దరు ఒక్కసారే.